ఏజెంటు ఎవరి మనిషి?

జూబ్లీహిల్స్‌లోనో బంజారాహిల్స్‌లోనో ఒక ఇల్లు చేతులు మారిందంటే మధ్యలో ఇద్దరు ముగ్గురు ఏజెంట్లయినా ఉంటారు. వాళ్లు లేకుండా బేరం కుదరదని అందరికీ తెలుసు. వాళ్ల గురించి మంచి మాట అనేవాళ్లు మాత్రం అరుదు. అమ్మినాయన తనకు తక్కువ ఇప్పించాడంటాడు, కొన్నాయన తన చేత ఎక్కువ పెట్టించాడంటాడు. ఒకే బేరంలో రెండూ ఎలా నిజమవుతాయో ఎవరూ ఆలోచించరు. ఖరీదైన పేటల్లో ఏజెంటు మీద నమ్మకం లేకపోవడానికి అతని గుణం కంటే అతనికి డబ్బు ముట్టే పద్ధతే ఎక్కువ కారణమని నా వాదన. ఆ పద్ధతిని నోటిమాట మీద నడిపిస్తున్నది ఏజెంటు ఒక్కడే కాదు. అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ అలాగే కావాలి, ప్రభుత్వమూ చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. తాను ఎవరి తరఫున పనిచేస్తున్నాడో, ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నాడో బేరానికి ముందే కాగితం మీద పెట్టాల్సిన బాధ్యత ఏజెంటుకు చట్టపరంగా ఉండాలి. ఇప్పుడు ఆ బాధ్యత, సరిగ్గా అది ఎక్కువ అవసరమైన చోటే, లేదు.

పని బయటినుంచి చూస్తే తేలిగ్గానే కనిపిస్తుంది. ‘జూబ్లీహిల్స్, ఈస్ట్ ఫేసింగ్, 600 గజాలు, క్లియర్ టైటిల్, జెన్యూన్ బయ్యర్స్ ఓన్లీ’ అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. పంపినవాడికి ఓనరు ఎవరో తెలియకపోవచ్చు, ఓనరు తెలిసినవాడికి తెలిసినవాడు తెలిసి ఉంటాడు. చివరికి సిట్టింగ్ రోజున అటు నలుగురు, ఇటు ముగ్గురు మీడియేటర్లు తేలతారు. అందరూ ఆ కమిషన్‌లో వాటాదారులే. అయితే ఆ వరసలో నిజంగా పని తెలిసిన మనిషి ఒకడుంటాడు. ఏ ఇంటి మీద అన్నదమ్ముల పేచీ ఉందో, ఏ ఇంటి పిల్లలు డాలస్‌లో స్థిరపడి తాళాలు ఎవరి చేతిలో పెట్టారో అతనికి తెలుసు. ఏ ప్లాటుకు వీధిపోటు ఉంది, ఏది నైరుతి పెరిగింది, ఏది కొండ వాలులో ఉండి పునాదికే బోలెడు ఖర్చు పెట్టిస్తుంది అన్నదీ తెలుసు. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, లింక్ డాక్యుమెంట్లు వరసగా పేర్చి, మధ్యలో ఒక జీపీఏ (అధికార పత్రం) కనబడితే అక్కడ వేలు పెట్టి చూపించగలడు. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే కొనేవాడు పట్టుకోవాల్సిన టీడీఎస్ మామూలు 1 శాతంతో సరిపోదని ముందే చెప్పగలడు. ఈ విద్య పుస్తకంలో దొరకదు. ఆ నాలుగు రోడ్లలో ఏళ్ల తరబడి తిరిగితేనే వస్తుంది. బేరం కుదరకపోతే మాత్రం ఇంత తెలిసిన మనిషికి పెట్రోలు ఖర్చు కూడా రాదు. చూపించాక, మాట్లాడించాక, ఓనరూ కొనేవాడూ ఒకరి ఫోన్ నంబరు ఒకరు తీసుకుని అతన్ని పక్కన పెట్టేస్తే అడిగే దిక్కు లేదు. ఏజెంట్ల వైపు నుంచి వినిపించే ఈ ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయమైంది. దాన్ని పట్టించుకోకుండా వాళ్లను సంస్కరిస్తామనడం కుదరదు.

ఇక డబ్బు లెక్క చూద్దాం. గజం 2 లక్షల చొప్పున 500 గజాల ఇల్లు అనుకుంటే 10 కోట్లు. ఒక శాతం కమిషన్ అంటే 10 లక్షలు. ఇంకో మూడు నెలలు ఆగితే మరో 50 లక్షలు వచ్చే అవకాశం ఉందని ఏజెంటుకు అనిపించిందనుకోండి. ఆగితే ఓనరుకు మిగిలేది 50 లక్షలు, ఏజెంటుకు అదనంగా వచ్చేది 50 వేలు. ఈ లోపు వేరే మీడియేటర్ ఎవరో పార్టీని తెచ్చి బేరం ముగిస్తే పోయేది మొత్తం 10 లక్షలు. ఆ స్థానంలో ఎవరున్నా ‘సార్, ఇంతకంటే రాదు, టోకెన్ తీసుకోండి’ అనే అంటారు. ఇది ఊహ మాత్రమే కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు షికాగో పరిసరాల్లో అమ్ముడైన దాదాపు లక్ష ఇళ్ల వివరాలు తీసి, 2008లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు, అలాంటివే అయిన ఖాతాదారుల ఇళ్లకంటే సుమారు 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారు. సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు. అంటే ఆగితే లాభమని వాళ్లకు తెలుసు. పరాయి ఇంటి విషయంలో ఆ తెలివి అంతగా వాడలేదు. లైసెన్సు, పరీక్ష, లిఖిత ఒప్పందం, అమ్మకాల బహిరంగ రికార్డు అన్నీ ఉన్న దేశంలో పరిస్థితి ఇది. అవేవీ లేని బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో తేడా 3.7 శాతం దగ్గరే ఆగుతుందని నమ్మడానికి నాకైతే కారణం కనబడదు.

పైగా మన దగ్గర ఏజెంటు రెండు వైపులా తీసుకుంటాడు. అమ్మేవాడి దగ్గర ఒకటి, కొనేవాడి దగ్గర ఒకటి. ధర పెరగాలని కోరుకునే మనిషికీ తగ్గాలని కోరుకునే మనిషికీ ఒకే వ్యక్తి ఒకే సాయంత్రం ‘నేను మీ మనిషిని’ అని చెబుతున్నాడు. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకుంటే అందులో తప్పేమీ లేదు, సంధి కుదిర్చినవాడికి ఇద్దరూ కూలి ఇస్తున్నారనుకోవచ్చు. కానీ ఆ తెలియడం అన్నదే జరగదు. అవతలి వైపు ఎంత మాట్లాడుకున్నాడో ఇవతలివాళ్లకు చెప్పడు. ఇంకొంచెం పై మెట్టులో మార్జిన్ ఉంటుంది. ఓనరు 9 కోట్లకు ఒప్పుకున్నాడు, కొనేవాడికి తొమ్మిదిన్నర చెప్పి మధ్యలోది ఉంచుకోవడం. ఆ పై మెట్టు అగ్రిమెంట్ రాయించుకుని తిప్పడం. కొంచెం అడ్వాన్స్ ఇచ్చి మూడు నెలల గడువుతో ఓనరు దగ్గర తానే అగ్రిమెంట్ చేసుకుని, గడువులోపు ఎక్కువకు ఇంకొకరికి అంటగట్టడం. ఈ దశలో అతను ఏజెంటే కాదు, పెట్టుబడిదారు. అయినా మీకు టీ ఇప్పిస్తూ, ఏజెంటులాగే మాట్లాడతాడు. దీనికి చట్టం లేదని కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 215, 216 సెక్షన్లు, యజమానికి తెలియకుండా ఏజెంటు సొంత లావాదేవీ చేస్తే ఆ లావాదేవీని కాదనే హక్కునూ, అతనికొచ్చిన లాభాన్ని రాబట్టుకునే హక్కునూ యజమానికి ఇస్తున్నాయి. నూట యాభై ఏళ్లు దాటిన నియమం. కోర్టులో దాన్ని వాడుకోవాలంటే ముందు ఇతను నా ఏజెంటు అని రుజువు చేయాలి. రుజువు చేయడానికి మన చేతిలో ఒక్క కాగితం ఉండదు.

కాగితం ఎందుకు ఉండదన్నది అసలు ప్రశ్న. కాగితం రాస్తే అందులో ధర రాయాలి. ధర రాస్తే వైట్ ఎంత, బ్లాక్ ఎంత అన్నది బయటపడుతుంది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. దాన్ని తగ్గించుకోవాలని కొనేవాడికి ఉంటుంది, మూలధన లాభం పన్ను తగ్గించుకోవాలని అమ్మేవాడికి ఉంటుంది. ప్రభుత్వ మార్కెట్ విలువలను 2013 తర్వాత 2021 దాకా ముట్టుకోలేదు. ఆ తర్వాత 2022లో మరోసారి సవరించినా పెద్ద పేటల్లో అసలు ధరకూ పుస్తకంలో ధరకూ మధ్య అగాధం అలాగే ఉంది. ఆ అగాధాన్ని దాటించేది నోట్ల సంచి. ఆ సంచి ఎప్పుడు, ఎవరింట్లో, ఎవరి సమక్షంలో చేతులు మారాలో ఏర్పాటు చేసేది ఏజెంటు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచీ చెబుతోంది. 2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని ఎవరైనా దావాలో చెప్పుకుంటే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దిగువ కోర్టులను ఆదేశించింది. అంటే మోసపోయినవాడు కోర్టుకు వెళ్తే తానే ముందు దొరికిపోతాడు. ఏజెంటుకు ఇంతకంటే గట్టి రక్షణ ఎవరూ ఇవ్వలేరు. అతను ఇచ్చిన మాట తప్పినా అడిగే నోరు అవతలివాడికి లేదు. బ్రోకర్లందరూ దొంగలే అని డ్రాయింగ్ రూముల్లో గట్టిగా మాట్లాడేవాళ్లు, ఆ దొంగతనానికి తాళం చెవి తామే ఇచ్చిన సంగతి మర్చిపోతారు.

దీనివల్ల ఇంకో నష్టం ఉంది, దీని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. రిజిస్టరైన ధర అబద్ధమైనప్పుడు నిజమైన ధర ఎవరికీ తెలియదు. పక్కింటి వాళ్లు ఎంతకు అమ్మారో వాళ్లను అడిగితే చెప్పరు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరికే అంకె పనికిరాదు. ఆ వీధిలో ఈ ఏడాది నాలుగు ఇళ్లు అసలెంతకు పోయాయో ఏజెంటుకే తెలుసు. అతని అసలు పెట్టుబడి అదే. అనేక దేశాల్లో ఎవరైనా కంప్యూటర్ ముందు కూర్చుని తెలుసుకోగల సమాచారం మన దగ్గర ఒక మనిషి నోట్లో ఉంది, ఆ మనిషికి బేరం త్వరగా ముగియడమే కావాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అది ఆకాశహర్మ్యాలు కట్టే బిల్డర్లు, ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చన్న లెక్కతో పెట్టిన ధర. కానీ బహిరంగంగా తెలిసిన ధర అదొక్కటే కాబట్టి, పది మైళ్ల అవతల 300 గజాల పాత ఇంటి బేరంలో కూడా దాన్నే కొలబద్దగా వాడడం మొదలైంది. ‘కోకాపేటలోనే అంత ఉంటే’ అన్న మాటకు ఎదురు చెప్పడానికి కొనేవాడి దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉంది కదా అంటారు. 2016 నాటి ఆ చట్టం ఏజెంట్లను మొదటిసారి జాతీయ స్థాయిలో నియమాల కిందకు తెచ్చిన మాట నిజం. 9వ సెక్షన్ ప్రకారం వాళ్లు నమోదు చేసుకోవాలి. 10వ సెక్షన్ ప్రకారం ఖాతాలు రాయాలి, లేని సౌకర్యాలు ఉన్నట్టు చెప్పకూడదు, కొనేవాడికి పత్రాలన్నీ అందేలా చూడాలి. నమోదు లేకుండా పనిచేస్తే రోజుకు 10 వేల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా. చదివితే గట్టి చట్టంలాగే ఉంటుంది. అయితే ఇవన్నీ రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకానికి సంబంధించినవి. 500 చదరపు మీటర్లు, ఎనిమిది ఫ్లాట్ల పరిమితి దాటిన ప్రాజెక్టులకే నమోదు తప్పనిసరి. తెలంగాణ నిబంధనలైతే 2017 జనవరి 1కి ముందు అనుమతులొచ్చిన ప్రాజెక్టులను బయటే ఉంచాయి. అంటే శివార్లలో కొత్త వెంచర్‌లో 40 లక్షల ప్లాటు అమ్మేవాడికి చట్టం ఉంది. జూబ్లీహిల్స్‌లో ఎనభైల నాటి 15 కోట్ల ఇంటిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చేవాడికి లేదు. నెలకు లక్షల్లో అద్దె వచ్చే బంగళాను కుదిర్చేవాడికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ చట్టం అదే కాబట్టి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరా, విశాఖ బీచ్ రోడ్డులోనూ ఇదే ఖాళీ.

ఆ ఖాళీలో జరిగే నష్టం ధర దగ్గరే ఆగదు. బేరం ముగిస్తేనే డబ్బు అన్నప్పుడు, బేరాన్ని చెడగొట్టే సమాచారం నోరు దాటదు. ఇది మనిషి మంచితనానికి పెట్టే పరీక్ష, కొందరు నెగ్గుతారు కూడా. కానీ వ్యవస్థను మంచివాళ్ల మీద ఆధారపడి నడపకూడదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్లకు వీల్లేని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ఉత్త జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చిన తర్వాత కూడా పత్రాల్లో అలాంటి లింకు ఏదైనా ఉందేమో, స్థలం చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దులో పడుతుందేమో చెప్పగలిగిన మొదటి మనిషి ఏజెంటే. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా ఏర్పడి, దుర్గం చెరువు పక్క కాలనీల్లో కోట్ల విలువైన ఇళ్లకు ఎఫ్‌టీఎల్ నోటీసులు వచ్చినప్పుడు, కొన్నవాళ్లు అనుమతులిచ్చిన అధికారులనూ, కట్టిన బిల్డర్లనూ ప్రశ్నించారు. ఆ ఇళ్లు ఒకటికి రెండుసార్లు చేతులు మారడంలో మధ్య నిలిచి శాతం తీసుకున్నవాళ్ల పేరు ఏ పత్రంలోనూ లేదు. కాబట్టి వాళ్లను అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఉన్న గుర్తింపు కూడా బేరం కుదిర్చినవాడికి ఉండదు.

అద్దెల విషయంలో ఈ నోటిమాట పద్ధతి ఇంకో రకంగా పనికొస్తోంది. ఎవరికి ఇవ్వకూడదో ఓనరు బోర్డు మీద రాయడు, ఏజెంటుకు చెవిలో చెబుతాడు. ఏజెంటు ఫోనులో పేరు విని, ‘ఓనర్‌తో మాట్లాడి చెప్తా సార్’ అని ఊరుకుంటాడు. సుఖదేవ్ థోరాట్ తదితరులు ఢిల్లీ పరిసరాల్లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం దళితులకూ ముస్లింలకూ అద్దె ఇల్లు దొరకడంలో ఉన్న వివక్షను పరీక్ష పెట్టి మరీ చూపించింది. మన నగరాలు వేరుగా ఉన్నాయని అనుకోవడానికి లేదు. ఆ పాపం చేసేది ఓనరే, మోసేది మాత్రం ఏజెంటు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, కోటీశ్వరుల బేరాల్లో ప్రభుత్వానికి ఏం పని, వాళ్లకు లాయర్లున్నారు, ఆడిటర్లున్నారు అని. వినడానికి బాగుంది. కానీ ఆ పేటల్లో అమ్మేవాళ్లందరూ వ్యాపారవేత్తలు కారు. సొసైటీ ప్లాట్లు చౌకగా దొరికిన రోజుల్లో కట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగులున్నారు, భర్త పోయాక పెద్ద ఇంట్లో ఒంటరిగా మిగిలిన స్త్రీలున్నారు. వాళ్ల జీవితంలో అంత పెద్ద బేరం అదొక్కటే, ఎదుటి మనిషికి అది ఆ నెలలో మూడోది. పైగా ఆ కొనుగోళ్లలో బ్యాంకు రుణం ఉంటుంది, బ్యాంకు రుణమంటే డిపాజిటర్ల డబ్బు. ఆ పేటలో అబద్ధంగా పుట్టిన రేటు నాలుగు కిలోమీటర్ల అవతల మధ్యతరగతి అపార్ట్‌మెంటు ధరను కూడా లాగుతుంది. డబ్బున్నవాడు మోసపోతే మనకేం అనుకోవడానికి వీల్లేకుండా చేసేది ఇదే.

రెండోది నిజంగా బరువైన అభ్యంతరం. నమోదు, పరీక్ష అంటే చిన్నవాళ్ల పొట్ట కొట్టడమే అని. వాచ్‌మన్, ఇస్త్రీ బండి మనిషి, డ్రైవర్ ‘ఫలానా ఇల్లు ఖాళీ అవుతోంది సార్’ అని చెప్పి నాలుగు డబ్బులు తీసుకుంటారు, వాళ్ల నోటి దగ్గర కూడు తీసేస్తారా అని అడుగుతారు. తీయనక్కర్లేదు. సమాచారం చెప్పినవాడికి నమోదైన ఏజెంటు తన వాటాలోంచి ఇచ్చుకోవచ్చు. ధర మాట్లాడేవాడికీ, పత్రాల గురించి హామీ ఇచ్చేవాడికీ, టోకెన్ చేత్తో పట్టుకునేవాడికీ మాత్రం నమోదు ఉండాలి. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. అక్కడ ముంబై మార్కెట్ ఆగిపోలేదు. మన దగ్గర ఆ పరీక్ష తెలుగులో, ఉర్దూలో పెట్టాలి, ఫీజు తక్కువగా ఉండాలి. డిగ్రీ అడగకూడదు. ఈసీ చదవడం, ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూడడం వస్తే చాలు.

మూడోది, ఇదంతా మరో లైసెన్సు రాజ్, నంబరు తెచ్చుకుని విజిటింగ్ కార్డు మీద అచ్చువేసుకుంటారు, మిగతాదంతా మామూలే అని. దీన్ని నేను కొట్టిపారేయను. ఇప్పటికే రెరా నంబరును ప్రకటనలో అలంకారంగా వాడేవాళ్లున్నారు. అందుకే నా నమ్మకం లైసెన్సు మీద కంటే రాతకోతల మీద. దుబాయిలో అమ్మేవాడితో ఏజెంటు చేసుకునేది ఫారం ఏ, కొనేవాడితో చేసుకునేది ఫారం బీ, ఇద్దరి మధ్య ఒప్పందం ఫారం ఎఫ్. అక్కడ ఇళ్లు కొన్న తెలుగువాళ్లు ఎంతమందో ఈ ఫారాల మీద కిమ్మనకుండా సంతకాలు పెట్టారు. జర్మనీలో 2015 నుంచి అద్దె ఇంటి ఏజెంటును ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు ఇవ్వాలి. అమెరికాలో జాతీయ రియల్టర్ల సంఘం మీద నడిచిన వ్యాజ్యం రాజీకి వచ్చాక, 2024 ఆగస్టు నుంచి కొనేవాడు ఇల్లు చూడ్డానికి వెళ్లేముందే తన ఏజెంటుతో ఫీజు ఎంతో రాసుకోవాలి. అక్కడి రాష్ట్రాల్లో సాధారణంగా ఇంకో నియమం కూడా ఉంది, లైసెన్సు లేనివాడు కమిషన్ కోసం కోర్టుకెక్కలేడు. ఇన్‌స్పెక్టర్లను వీధుల్లో తిప్పే పని లేకుండా, కాగితం ఉన్న ఏజెంటుకు కమిషన్ రాబట్టుకునే హక్కు, లేనివాడికి ఆ హక్కు లేకపోవడం, మనకూ కావాల్సింది అదే. పార్టీలు తన వెనక చేతులు కలుపుతాయన్న ఏజెంటు భయానికి కూడా మందు ఇక్కడే ఉంది. ఫలానా వ్యక్తిని నేను పరిచయం చేశాను, ఆరు నెలల్లో వీళ్ల మధ్య బేరం కుదిరితే నాకింత అని సంతకం ఉంటే అతన్ని దాటవేయడం కుదరదు.

యాప్‌లు వచ్చాక ఈ గొడవంతా ఎందుకు, బ్రోకర్లే మాయమవుతారు అనేవాళ్లూ ఉన్నారు. పదేళ్లకు పైగా వింటున్న మాట. అద్దె ఫ్లాట్ల దాకా కొంత జరిగింది. పెద్ద ఇళ్ల ఓనర్లకు మాత్రం అమ్ముతున్న సంగతి చుట్టాలకూ పక్కింటికీ తెలియడమే ఇష్టం ఉండదు, ఫొటోలతో సైట్లో ఎందుకు పెడతారు? యాప్ లింక్ డాక్యుమెంట్లు చదవదు, అన్నదమ్ముల్ని ఒక గదిలో కూర్చోబెట్టదు. ఏజెంటు అవసరం ఉంది, ఉంటుంది.

రాష్ట్రాల చేతిలో అధికారం లేదన్న సాకు కూడా చెల్లదు. హర్యానా ప్రాపర్టీ డీలర్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ రెరాకు ఎనిమిదేళ్ల ముందే, 2008లోనే ప్రత్యేక చట్టం చేసింది. రెరా చట్టంలోని 88వ సెక్షన్ తనతోపాటు ఇతర చట్టాలూ ఉండవచ్చని చెబుతోంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు చేయాల్సింది పాత ఇళ్ల అమ్మకాలకూ అద్దెలకూ వర్తించేలా ఒక చిన్న చట్టం. అందులో ఏజెంటు ఎవరి తరఫునో ముందే రాత, రెండు వైపులా తీసుకుంటే ఇద్దరి సంతకం, మార్జిన్ నిషేధం, తెలిసిన లోపాన్ని దాచితే కమిషన్ వాపసు ఉండాలి. టైటిల్ తనిఖీకి, సైట్ చూపించడానికి కమిషన్‌తో ముడిపెట్టకుండా విడిగా ఫీజు తీసుకునే వీలు కూడా కల్పిస్తే, బేరం చెడగొట్టే నిజం చెప్పినవాడు ఖాళీ చేతులతో వెళ్లడు. మార్కెట్ విలువలను ఏటా సవరిస్తూ అసలు ధరకు దగ్గరగా తేవడం, అందుకు బదులుగా 7.5 శాతాన్ని తగ్గించడం దీనికి జోడీ. అది జరగనంత కాలం ఎంత చక్కటి ఒప్పంద పత్రం రాసినా అందులో ధర గడి దగ్గర అబద్ధమే ఉంటుంది. ఖజానాకు ఆ మార్పు వల్ల మొదటి ఏడాది కొంత నష్టం రావచ్చునని ఆర్థిక శాఖ అడ్డం చెబుతుంది. చెప్పనివ్వండి.

చట్టం వచ్చేలోపు రిజిస్ట్రేషన్ శాఖ మొదలుపెట్టగల పని ఒకటుంది. సేల్ డీడ్‌లో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, సాక్షుల పేర్లు, ఆధార్, పాన్ అన్నీ అడుగుతున్నారు. బేరం కుదిర్చింది ఎవరు, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారు అన్న గడి ఒకటి అందులో చేర్చాలి.